చెవులున్న రేడియో కొనండి, నోరున్నది వద్దు

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. ఎరువుల దుకాణం నడుపుతాను. మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం. రాత్రి అన్నం తిన్నాక బంగ్లా మీదికెక్కి, పైన పోయే విమానం ఎక్కడి నుంచి ఎక్కడికో ఫోన్‌లో చూస్తుంటాడు. ఇప్పుడు పైలట్ల మాటలు వినే చేతి రేడియో కావాలని పట్టుబట్టాడు. ఆన్‌లైన్‌లో రెండు వేల నుంచి నలభై వేల దాకా ఉన్నాయి. ఏది ఏమిటో నాకు తెలియదు. ఓసారి లోడు కోసం హైదరాబాద్ పోతుంటే, షాద్‌నగర్ దాటాక మా డీసీఎంలోని పాత ఎఫ్‌ఎం సెట్టులో పాట మధ్యలో ఎవరో ఇంగ్లిష్‌లో అంకెలు చదివినట్టు వినిపించింది. అది విమానమేనా? మా బామ్మర్ది మాత్రం ‘పోలీసు కేసవుతుంది బావా’ అని భయపెడుతున్నాడు. ఏం కొనమంటారు?

జవాబు: ముందు మీ డీసీఎం ముచ్చట. అది విమానమే అయి ఉంటుంది. ఎఫ్‌ఎం సెట్టు ఏ స్టేషన్ పట్టాలన్నా సాధారణంగా దానికంటే 10.7 మెగాహెర్ట్జ్ ఎక్కువలో తనలోపల ఒక తరంగాన్ని పుట్టించుకుని, ఆ రెండింటి తేడాతో పని చేస్తుంది. మీరు 106 మీద పాట వింటుంటే లోపలి తరంగం 116.7 మీద ఉంటుంది. 127.4 మీద ఏదైనా మాట వస్తే దానికీ లోపలి తరంగానికీ తేడా మళ్లీ అదే 10.7. మంచి సెట్టు అలాంటిదాన్ని గడప దగ్గరే ఆపేస్తుంది. పాత సెట్టు, చౌక సెట్టు రెండింటినీ లోపలికి రానిస్తుంది. షాద్‌నగర్ దాటాక శంషాబాద్ విమానాలు తక్కువ ఎత్తులో, దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ మాట పాటను తోసుకుని వచ్చింది. అంటే కొనకముందే మీరు ఒకసారి వినేశారు.

ఈ లెక్క ఊరికే చెప్పలేదు. ఎఫ్‌ఎం పాటలు 88 నుంచి 108 దాకా. సరిగ్గా 108 దగ్గర విమానాల బ్యాండు మొదలవుతుంది. 108 నుంచి 118 దాకా దారి చూపే సంకేతాలు, 118 నుంచి 137 దాకా మాటలు. కానీ ఎఫ్‌ఎం ముల్లును ఇంకాస్త ముందుకు జరిపితే సరిపోదు. విమానాల మాట ఎఫ్‌ఎం పద్ధతిలో రాదు, పాత మీడియం వేవ్ ఆకాశవాణి లాగా ఏఎం పద్ధతిలో వస్తుంది. డబ్బా మీద ‘ఎయిర్‌బ్యాండ్, 118–137, ఏఎం’ అని మూడూ రాసి ఉన్నదే మీకు పనికొచ్చేది. ఒక్కటి తగ్గినా వదిలేయండి.

రెండు వేలకు మీకు కనిపించినవి వాకీటాకీలు. నేనూ ఒకప్పుడు అలాంటిదే కొన్నాను. అమ్మినవాడు ‘అన్ని బ్యాండ్లూ వస్తాయి సార్’ అన్నాడు. ఇంటికొచ్చి రెండు రోజులు తిప్పితే గరగర తప్ప ఏమీ రాలేదు. తర్వాత పుస్తకం తెరిచి చదివాను (ముందే చదవాల్సింది). మార్కెట్లో అందరికీ తెలిసిన బావొఫెంగ్ యూవీ-5ఆర్ రకం సెట్లు 65 నుంచి 108 దాకా ఎఫ్‌ఎం వింటాయి, మళ్లీ 136 నుంచి 174 దాకా పని చేస్తాయి. మధ్యలో మనకు కావలసిన ఇల్లొక్కటి వదిలేసి అటు పక్కిల్లు, ఇటు పక్కిల్లు తలుపు తట్టినట్టు. ఈమధ్య వస్తున్న కొన్ని వాకీటాకీలు, ఉదాహరణకు క్వాన్‌షెంగ్ యూవీ-కె5, విమానాల ఏఎం కూడా వింటాయి. వినడం వరకు ఫరవాలేదు కూడా. అయినా వాటిని మీకు చెప్పను, వాటి పక్కన ఒక మీట ఉంటుంది కాబట్టి. నొక్కి మాట్లాడే మీట.

ఆ మీట మీద నాకున్న భయం పోలీసుల గురించి కాదు. 1977 మార్చి 27న టెనెరిఫే అనే దీవిలో, పొగమంచులో, రెండు పెద్ద బోయింగ్ 747లు ఒకే రన్‌వే మీద ఉన్నాయి. ఒకటి ఎగరడానికి సిద్ధంగా ఉంది, రెండోది ఇంకా రన్‌వే మీదే మెల్లగా పోతోంది. ‘ఆగు, నేను పిలుస్తాను’ అని టవర్ అంటున్న క్షణంలోనే రెండో విమానం పైలట్ ‘మేమింకా రన్‌వే మీదే ఉన్నాం’ అన్నాడు. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరి మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎగరబోతున్న విమానంలో వినిపించింది మూడు నాలుగు సెకన్ల ఈల శబ్దం. మొత్తం 583 మంది పోయారు. కారణాలు ఇంకా ఉన్నాయి, కానీ ఆ ఈల వాటిలో ఒకటి. విమానాల్లో నేటికీ ఏఎం వాడటానికి చెప్పే కారణాల్లోనూ ఈ ఈల ఉంది. ఎఫ్‌ఎంలో అయితే బలమైన గొంతు బలహీనమైన గొంతును పూర్తిగా మింగేస్తుంది, రెండో మనిషి ఉన్నాడనే తెలియదు. ఏఎంలో కనీసం ఈల వస్తుంది, ఇద్దరు కలిశారని అర్థమై మళ్లీ అడుగుతారు. పదహారేళ్ల పిల్లవాడు సరదాకో, పొరపాటున జేబులోనో అలాంటి మీట ఆ బ్యాండులో నొక్కితే ఏమవుతుందో వాడికీ ఈ కథ చెప్పండి. వినే ఎయిర్‌బ్యాండులో చాలా వాకీటాకీలు మాట పంపవన్నది నిజమే, కానీ ఇంటర్నెట్‌లో దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఆ తాళం ఊడదీసేవాళ్లు ఉన్నారు. మీవాడికి ఫోన్ మీద ఉన్న పట్టు చూస్తే అది పది నిమిషాల పని.

ఇక నలభై వేల వైపు ఉన్నవి ఐకామ్ ఐసీ-ఎ25 లాంటివి. అవి పైలట్లు, ఎయిర్‌పోర్టు సిబ్బంది వాడే సెట్లు. వినడంలో బ్రహ్మాండం. వాటికి నోరు మరీ పెద్దది, నేరుగా ఎయిర్‌బ్యాండులోనే మాట్లాడతాయి. ఎంత పైసలున్నా మనకు కాదు.

మీ బామ్మర్ది భయం సగం నిజం. మీ నాన్నగారి తరం వాళ్లను అడగండి, ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసుకు పోయి లైసెన్సు పైసలు కట్టి వచ్చేవాళ్లు. 1980ల మధ్యలో అది ఎత్తేశారు. ఎత్తేసింది అందరి కోసం వచ్చే ప్రసారాలు వినే రేడియోలకే. వైర్‌లెస్ యంత్రాన్ని అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే తప్పని 1933 నాటి చట్టం చెప్పింది. వినే యంత్రమైనా, పంపే యంత్రమైనా. ఆ పాత చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. వాకీటాకీల అమ్మకం మీద 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ దుకాణాలకు నోటీసులిచ్చి, అనుమతి లేని సెట్లు పెట్టవద్దని మార్గదర్శకాలు తెచ్చింది. అంటే ‘సైటులో అమ్ముతున్నారు కదా’ అన్నది జవాబు కాదు.

మరి వినడం? నేను వకీలును కాను, రేడియో మనిషిని. నాకు అర్థమైనంతలో పైలట్ల మాట ఆకాశవాణి లాంటి ప్రసారం కాదు, మనకోసం చెప్పింది కాదు. చట్టం దాన్ని వినొచ్చని ఎక్కడా అనలేదు. అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో 17వ అధికరణం రహస్యం గురించే. మనకోసం కాని రేడియో మాటను అనుమతి లేకుండా పట్టడాన్నీ, దాన్ని బయటపెట్టడాన్నీ, వాడుకోవడాన్నీ దేశాలు అడ్డుకోవాలని అది చెబుతుంది. అందుకని మీవాడికి నా షరతులు ఇవి. రికార్డు చేయకూడదు, వాట్సాప్ స్టేటస్ పెట్టకూడదు, రీల్స్ అసలే వద్దు. దుండిగల్, హకీంపేట వాయుసేన స్థావరాల వైపు ఏమీ వెతకకూడదు. శంషాబాద్ గోడ పక్కన యాంటెన్నా లాగి నిలబడకూడదు. ఇవి ఒప్పుకోకపోతే రేడియో కొనవద్దు.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ముందే పట్టమంటాను. అమెరికా, ఇతర దేశాల్లోని చాలా విమానాశ్రయాల టవర్ మాటలు ఇంటర్నెట్‌లో ఉచితంగా, బాహాటంగా వస్తాయి. మూడు నెలలు ఇయర్‌ఫోన్ పెట్టుకుని అవి విననివ్వండి. మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాదు. మూడుకు ‘ట్రీ’, ఐదుకు ‘ఫైఫ్’, తొమ్మిదికి ‘నైనర్’ అంటారు. 35,000 అడుగులను ‘ఫ్లైట్ లెవల్ 350’ అంటారు. ఇండిగో విమానం తన పేరు ‘ఐఫ్లై’ అని చెప్పుకుంటుంది, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ‘స్పీడ్‌బర్డ్’ అంటుంది. మూడు నెలల తర్వాత కూడా అదే ఉత్సాహం ఉంటే అప్పుడు పైసలు తీయండి. లేకపోతే మీ పైసలు మిగిలినట్టే, మూలన పడే సామాను ఒకటి తగ్గినట్టే.

ఉత్సాహం నిలిచిందనుకుందాం. జడ్చర్లలో ఏం వినిపిస్తుందో తెలిస్తే ఏ సెట్టు కొనాలో తేలిపోతుంది. ఈ తరంగాలు భూమి వంపును దాటి వంగి రావు, చూపు ఆనినంత దూరమే పోతాయి. ఒక చిన్న లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 35,000 అడుగులంటే దాదాపు 10,700 మీటర్లు, లెక్క వేస్తే 420 కిలోమీటర్ల పైమాటే. చేతి రేడియోకు అంత శక్తి ఉండదు గానీ కర్నూలు, రాయచూరు పైన పోయేవి మీ బంగ్లా మీదికి వస్తాయి. కింద నలభై నాలుగో నంబరు హైవే మీద లారీలు బెంగళూరుకు పోతున్నట్టే పైన ఢిల్లీ, నాగ్‌పూర్ వైపు నుంచి దక్షిణానికి విమానాలు పోతుంటాయి. ఆ ఎత్తులో పోయేవాటిని చాలావరకు చెన్నై కేంద్రం చూసుకుంటుంది కాబట్టి, పాలమూరు ఆకాశంలో పైలట్ ‘చెన్నై’ అని పిలిస్తే ఆశ్చర్యపోవద్దు.

శంషాబాద్ టవర్ మాత్రం రాదు. మీకూ దానికీ దాదాపు 60 కిలోమీటర్లు. నేల మీద 30 మీటర్ల ఎత్తు యాంటెన్నాకు చూపు 22 కిలోమీటర్లే ఆనుతుంది, మీ బంగ్లాకు ఇంకో 12, 13. శంషాబాద్ నేల మీ నేలకంటే కొంత ఎత్తు కాబట్టి అదృష్టం బాగుంటే గరగరలో ఎప్పుడైనా ఒక ముక్క రావచ్చు. దానిమీద ఆశ పెట్టుకుని పెద్ద సెట్టు కొంటే నిరాశే. మహబూబ్‌నగర్ అయితే ఇంకా దూరం, నల్లగొండ మరీ దూరం. నల్లగొండలోని లతీఫ్ సాహెబ్ గుట్ట లాంటి ఎత్తు ఎక్కితే కథ మారుతుందనుకోండి, కానీ దర్గాకు వచ్చే జనం మధ్య యాంటెన్నా లాగి నిలబడితే మీ బామ్మర్ది మాట నిజమవుతుంది. దేవరకద్రకు విమానాశ్రయం ఎన్నో ఏళ్లుగా ప్రతిపాదనల్లోనే ఉంది, అది కట్టేదాకా మన జిల్లావాళ్లకు టవర్ మాట దూరపు చుట్టమే.

టవర్ రాకపోతే బాధపడాల్సిన పని లేదు, ఎందుకో చెబుతాను. బస్సులో పక్క సీటాయన ఫోన్ మాట్లాడుతుంటే మనకు ఒక పక్కే వినిపిస్తుంది, అసలు సంగతి తెలియక తల బద్దలు కొట్టుకుంటాం. విమానాల్లో అలా కాదు. కింద నుంచి ఏ ఆదేశం వచ్చినా పైలట్ దాన్ని తిరిగి అప్పజెప్పాలి. ‘250కి దిగు’ అంటే ‘250కి దిగుతున్నాం’ అని, తన పేరు కలిపి చెప్పాలి. పొరపాటు ఉంటే కిందివాళ్లు అక్కడే దిద్దుతారు. అందుకని పైలట్ పక్క ఒక్కటే విన్నా అటువాళ్లు ఏమన్నారో తెలిసిపోతుంది. విమానం వెయ్యి అడుగులకు దిగినా చూపు 70 కిలోమీటర్లు ఆనుతుంది కాబట్టి, శంషాబాద్‌లో దిగేదాన్ని దాదాపు చివరిదాకా మీరు జడ్చర్లలో వినొచ్చు. నేనైతే ఈ ఆటలో ఇదే గొప్ప సంగతి అంటాను.

నల్లగొండ వైపు చదువరులకు ఒక మాట. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. వానాకాలం పడమటి గాలికి విమానాలు తూర్పు నుంచి, అంటే ఇబ్రహీంపట్నం పక్క నుంచి వస్తాయి. మీ వినికిడికి అదే మంచి కాలం. గాలి తూర్పుకు తిరిగితే చేవెళ్ల వైపు వాళ్ల వంతు. ఎక్కడైనా శిక్షణ విమానం మాట వినిపిస్తే ‘విక్టర్ టాంగో’ అంటూ మొదలుపెడుతుంది, మన దేశపు పౌర విమానాలన్నిటి నంబరూ ‘వీటీ’ తోనే మొదలవుతుంది.

ఇప్పుడు సెట్టు. మీకు టెక్సన్ పీఎల్-660 గానీ పీఎల్-680 గానీ, లేదా ఎక్స్‌హెచ్‌డేటా డి-808 గానీ చాలు. మూడూ మాట్లాడే మీట లేని రేడియోలే, మీడియం వేవ్, షార్ట్ వేవ్, ఎఫ్‌ఎంతో పాటు 118–137 కూడా పడతాయి. పొద్దున మీరు ఆకాశవాణి వార్తలు వినొచ్చు, రాత్రి అబ్బాయి తీసుకుంటాడు. టెక్సన్ రెండింటికీ నాలుగు పెన్సిల్ సెల్లులు, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. డి-808కు చార్జింగ్ చేసే లిథియం సెల్లు. కరెంటు పోయే ఊరికి నేను పెన్సిల్ సెల్లుకే ఓటేస్తాను. మీకు అందులో ఏది తక్కువకు, బిల్లుతో, వాపసు తీసుకునే షరతుతో దొరికితే అది తీసుకోండి. విదేశం నుంచి నేరుగా తెప్పిస్తే కస్టమ్స్ దగ్గర ఆగిపోవచ్చు, వైర్‌లెస్ సామానుకు కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం (డబ్ల్యూపీసీ) ఆమోదం అడుగుతారు.

స్కానర్లు అని ఇంకో జాతి ఉంది. యూనిడెన్ బీసీ125ఏటీకి 500 చానళ్ల జ్ఞాపకం ఉంటుంది, ఎవరో ఒకరు మాట్లాడేదాకా ఒక్కో చానలూ తిరుగుతూ ఉంటుంది. విమానాలకు నిజానికి అదే సరైన పనిముట్టు. ఇక్కడ మాటలు ముక్కలు ముక్కలుగా, నిమిషానికి రెండు మూడు సెకన్లు వస్తాయి, మామూలు రేడియోతో ఒక ఫ్రీక్వెన్సీ మీద కాపు కాసినట్టు కూర్చోవాలి. కానీ అది వాయుసేన బ్యాండు కూడా వింటుంది, ఇతర వైర్‌లెస్‌లు కూడా చాలా వింటుంది. ఇంటర్ పిల్లవాడి చేతికి అది ఇచ్చి, పై షరతులన్నీ పాటించమనడం పిల్లి ముందు పాలు పెట్టి కాపలా కాయడమే. నాకు ఇష్టమైన యంత్రమే అయినా మీకు వద్దంటున్నాను.

చానలుకూ చానలుకూ మధ్య 8.33 కిలోహెర్ట్జ్ అడుగు ఉందా అని అమ్మేవాళ్లు ఊదరగొడతారు. అది యూరప్ గొడవ, మనకు 25 చాలు. ఫ్రీక్వెన్సీల జాబితాకు ఎవరికీ పైసలు కట్టవద్దు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్లు పైలట్ల కోసం పెట్టే ప్రచురణలో శంషాబాద్‌వి ఉంటాయి. 121.5 అత్యవసర ఫ్రీక్వెన్సీ, ప్రపంచమంతా అదే.

రేడియో మీద పెట్టే పైసలకంటే యాంటెన్నా మీద పెట్టే పది నిమిషాలు ఎక్కువ పని చేస్తాయి. లాగే కడ్డీని పూర్తిగా లాగవద్దు, సుమారు 57, 58 సెంటీమీటర్లు, మన లెక్కలో రెండడుగులకు కాస్త తక్కువ, నిలువుగా పెట్టండి. ఈ తరంగం పొడవులో నాలుగో వంతు అంతే. విమానాలు నిలువు తరంగాలే వాడతాయి, పడుకోబెడితే మాట సన్నగిల్లుతుంది. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, ఇన్వర్టర్ దగ్గర గరగర పెరుగుతుంది. బంగ్లా మీద చీకట్లో ఉన్న చోటే మంచిది.

మీవాడికి మాట్లాడే కోరిక కూడా ఉంటే దానికి దొంగదారి అక్కర్లేదు. సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్లకు ఇచ్చే హ్యామ్ లైసెన్సు ఉంది, 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు, కింది తరగతికి మోర్స్ కోడ్ కూడా అడగరు. ఆ తరగతిలో పాసైనవాళ్లు రేడియోలో చెప్పుకునే పేరు ‘వీయూ3’ తో మొదలవుతుంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది, అక్కడ అడిగితే దారి చెబుతారు. ఆ లైసెన్సు విమానాల మాట వినడానికి అనుమతి కాదు, అది వేరే ముచ్చట. కానీ చేతిలో వాకీటాకీ పట్టుకుని తలెత్తుకుని తిరగొచ్చు, దేశం అవతలి మనిషితో తన నోటితో మాట్లాడొచ్చు.

కొన్నాళ్లకు వాడు బంగ్లా మీద పెద్ద యాంటెన్నా కట్టాలంటాడు. 59 సెంటీమీటర్ల రాగి తీగ ఒకటి నిలువుగా, అలాంటివే నాలుగు కిందికి వాలుగా, మూలన పడి ఉన్న డిష్ కేబుల్ ఉంటే చాలు. కట్టనివ్వండి. కరెంటు తీగలకు దూరంగా కట్టించండి. మృగశిర కార్తెలో పడమట ఉరుము వినిపించగానే రేడియో నుంచి కేబుల్ పీకి, కొసను కిటికీ బయట పడేయమనండి.